మా రక్తపు చుక్కకు జవాబు ఏది?

ఏజెన్సీలో పుట్టి పెరిగిన ప్రతి మనిషి వేలి కొసకూ సూది పోటు తెలుసు. జ్వరం వచ్చిందంటే ఆశా కార్యకర్తో, హెల్త్ అసిస్టెంటో వస్తారు. వేలు పొడుస్తారు, గాజు పలక మీద రక్తం రాస్తారు, రిజిస్టర్‌లో పేరు రాసుకుంటారు, వెళ్తారు. ఆ పని పేరు మా ఊళ్లలో 'స్లైడు తీయడం'. తీసిన స్లైడు ఎక్కడికి పోయింది, ఎవరు చూశారు, ఏం కనబడింది అని అడిగితే మాత్రం జవాబు ఉండదు. వచ్చినా మనిషి లేచి పొలానికి పోయాక వస్తుంది, లేదా పాడె కట్టాక వస్తుంది. మేం అడుగుతున్నది ఈ జవాబు గురించే. రక్తం ఇచ్చినవాడికి ఫలితం తెలుసుకునే హక్కు ఉందా, లేదా?

'ఆదివాసులు రక్తం ఇవ్వరు, వాళ్లకు మూఢనమ్మకాలు, ముందు నాటువైద్యుడి దగ్గరికి పోతారు' అని మైదానం నుంచి వచ్చిన అధికారులు సమావేశాల్లో చెబుతుంటారు. ఈ మాట మేం చాలాకాలంగా వింటున్నాం. ఇప్పుడు తిప్పి అడుగుతున్నాం. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమం అన్నారు. 1976 నాటికి దేశంలో మలేరియా కేసులు మళ్లీ 64 లక్షలకు చేరాయి. 1977లో పథకం మార్చారు. ఇప్పుడు 2030 నాటికి మలేరియా లేని దేశం అంటున్నారు. ఈ కాలమంతా వేళ్లు చాపింది ఎవరు? మా తాతలు, మా అమ్మలు, మేం, ఇప్పుడు మా బడిపిల్లలు. రక్తం ఇవ్వని జాతి మాది కాదు. ఇచ్చి ఇచ్చి, జవాబు రాక విసిగిన జాతి మాది. మూడుసార్లు వేలు పొడిపించుకుని మూడుసార్లూ ఏమీ వినని తల్లి నాలుగోసారి పిల్లాణ్ని కొంగు చాటున దాచుకుంటే, దాని పేరు మూఢనమ్మకం కాదు, అనుభవం.

అసలు ఈ రక్తపూత ఏమిటో, దాన్ని ఎలా చేయాలో మనవాళ్లందరికీ తెలియాలి. తెలిస్తేనే అడగగలం. అందుకని బడిలో పాఠం చెప్పినట్టే ఇక్కడ చెబుతున్నాం.

పెద్దవాళ్లకు ఎడమ చేతి ఉంగరం వేలిని ఎంచుకుంటారు. చంటిపిల్లలకు మడమ గానీ కాలి బొటనవేలు గానీ. స్పిరిట్ దూదితో తుడిచి, తడి పూర్తిగా ఆరనివ్వాలి. వేలి కొస నట్టనడుమ కాదు, కాస్త పక్కగా కొత్త సూదితో పొడవాలి. మొదట వచ్చిన చుక్కను పొడి దూదితో తుడిచేయాలి. తర్వాత వచ్చే రక్తంతో ఒకే స్లైడు మీద రెండు పూతలు చేస్తారు. మందపు పూతకు చుక్కను మరో స్లైడు మూలతో తిప్పి సుమారు ఒక సెంటీమీటరు మేర పరుస్తారు. తడిగా ఉండగానే దాన్ని పత్రిక మీద పెడితే కింది అక్షరాలు మసకగానైనా చదవగలగాలి. అలా చదవలేకపోతే పూత మరీ మందం. పలచని పూతకు చిన్న చుక్క చాలు. మరో స్లైడు అంచును 45 డిగ్రీల వాలుగా ఆనించి, ఆగకుండా ఒక్క తోపులో ముందుకు జరిపితే నాలుక ఆకారంలో పరుచుకుంటుంది. అది ఆరాక దాని మీదే పెన్సిల్‌తో నంబరు రాస్తారు.

రెండు పూతలు ఎందుకంటే రెండింటి పనీ వేరు. మందపు పూతలో రక్తం అనేక పొరలుగా ఉంటుంది కాబట్టి కొద్దిపాటి క్రిములున్నా దొరుకుతాయి. పలచని పూతలో రక్తకణాలు విడివిడిగా, చెదరకుండా ఉంటాయి కాబట్టి దొరికింది ఏ జాతి క్రిమో తేలుతుంది. పలచని పూతను మిథనాల్‌తో స్థిరపరచాలి. మందపు పూతకు మాత్రం మిథనాల్ తగలకూడదు. నీళ్ల రంగు పోసినప్పుడు అందులోని ఎర్రకణాలు పగిలి ఎరుపంతా కడుక్కుపోవాలి. క్రిములు, తెల్లకణాలు మిగలాలి. రంగు కోసం కొన్నిచోట్ల గీమ్సా వాడతారు, మన దేశంలో ఎక్కువగా జేఎస్‌బీ వాడుతూ వచ్చారు. ఆ జేఎస్‌బీ 1944లో జస్వంత్ సింగ్, భట్టాచార్జీ అనే మన దేశపు శాస్త్రవేత్తలు తయారుచేసింది. బీద దేశానికి చవకగా, త్వరగా అయ్యే రంగు కావాలని చేసిన పని. అంటే తక్కువ ఖర్చుతో ఈ పరీక్ష చేయడం 80 ఏళ్ల కిందటే వచ్చిన విద్య.

రంగు వేసిన స్లైడు మీద నూనె చుక్క వేసి, మైక్రోస్కోప్‌లో వెయ్యి రెట్లు పెద్దది చేసి చూస్తారు. వైవాక్స్ అయితే క్రిమి ఉన్న ఎర్రకణం ఉబ్బి, సన్నని చుక్కలతో కనబడుతుంది. ఫాల్సిపారమ్ అయితే సన్నని ఉంగరాలు, ఒక్కోసారి ఒకే కణంలో రెండు మూడు కూడా. దాని ముదురు రూపం అరటిపండులా వంగి ఉంటుంది. ఈ తేడా పుస్తకంలో తేడా కాదు, ప్రాణం తేడా. ఫాల్సిపారమ్ మెదడుకెక్కే రకం. దానికి మూడు రోజుల ఏసీటీ మాత్రలు ఆలస్యం లేకుండా పడాలి. వైవాక్స్‌కు మూడు రోజుల క్లోరోక్విన్, ఆ పైన 14 రోజుల ప్రైమాక్విన్. ఆ 14 రోజులూ మింగకపోతే కాలేయంలో దాక్కున్న క్రిమి కొన్ని నెలలకు మళ్లీ లేస్తుంది. 'ఏదో జ్వరం' అని ఏదో మాత్ర ఇచ్చే చోట ఈ రెండు దారులూ మూసుకుపోతాయి.

ఇప్పుడు ఇదే పని మన దగ్గర ఎలా జరుగుతోందో చూడండి.

కడిగి కడిగి గీతలు పడిన స్లైడులు. వాటి మీద జిడ్డు. పూత రాస్తే చెదిరిపోతుంది. మన్యంలో జ్వరాల కాలమే వానల కాలం. ముసురులో పూత ఆరదు. ఆరీ ఆరకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి కాగితంలో చుడితే అంటుకుపోతాయి. బల్ల మీద ఆరబెట్టి వదిలేస్తే ఈగలు, చీమలు నాకేస్తాయి. ఇవన్నీ దాటి సబ్‌సెంటర్‌కు చేరిన స్లైడులు మీటింగు రోజు దాకా సంచిలోనే ఉంటాయి. పీహెచ్‌సీకి చేరాక ల్యాబ్ టెక్నీషియన్ సెలవులో ఉంటాడు, లేదా డెప్యుటేషన్ మీద వేరేచోట ఉంటాడు, లేదా ఆ పోస్టే ఖాళీ. రోజులు గడిచిన మందపు పూత దానంతటదే బిగుసుకుపోతుంది. తర్వాత ఎంత కడిగినా ఎరుపు వదలదు, క్రిమి కనబడదు. అప్పుడు రిజిస్టర్‌లో 'నెగిటివ్' అని రాస్తారు. మేమంటున్నాం, అది నెగిటివ్ కాదు. చూడలేదు అని రాయడానికి ధైర్యం లేక రాసిన మాట.

ఒక లెక్క వేద్దాం. మేం టీచర్లం, లెక్కలు మా పని. మందపు పూతలో కనీసం 100 ఫీల్డులు చూశాకే 'క్రిమి లేదు' అనాలి. కుదురుగా చూస్తే ఒక్కో స్లైడుకు 8 నిమిషాలు అనుకుందాం. వానాకాలంలో ఒక పీహెచ్‌సీకి రోజుకు 80 స్లైడులు వచ్చాయనుకుందాం. 640 నిమిషాలు, అంటే పదిన్నర గంటల పైమాట. రంగు వేయడం, కడగడం, ఆరబెట్టడం కలపలేదు. ఆ ఒక్క టెక్నీషియనే క్షయ కళ్లె చూడాలి, గర్భిణుల రక్తం చూడాలి, కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించాలి. ఇది ఒక మనిషి చేయగల పనేనా? చేయలేడని లెక్క చెబుతోంది. అయినా నెలాఖరుకు అన్ని స్లైడులూ 'పరీక్షించబడినవి' అని నివేదిక పోతుంది. మేం తప్పు పడుతున్నది ఆ టెక్నీషియన్‌ని కాదు. ఒక్కణ్ని కూర్చోబెట్టి ముగ్గురి పని రాయించుకుంటున్న ఏలుబడిని.

ఎందుకు ఇలా జరుగుతోంది? స్లైడు రోగి కోసం కాకుండా టార్గెట్ కోసం తీస్తున్నారు కాబట్టి. ఏడాదికి జనాభాలో కనీసం 10 శాతం మందికి రక్త పరీక్ష జరగాలని కార్యక్రమంలో ఒక కొలత ఉంది. కొలత మంచిదే. కానీ కొలత చేరితే చాలనుకున్న చోట జ్వరం లేనివాడి వేలు కూడా కోటా కోసం పొడుస్తారు, దారి లేని కొండ మీద జ్వరంతో మూలుగుతున్నవాడి దగ్గరికి మాత్రం వెళ్లరు.

దీనికి ఇంకో కొస ఉంది. వెయ్యి మందిలో ఏడాదికి ఎంతమందికి మలేరియా తేలిందన్న లెక్కను బట్టే ఏ ఊరికి మందు పిచికారీ చేయాలో, ఏ ఊరికి దోమతెరలు ఇవ్వాలో నిర్ణయిస్తారు. స్లైడు చదవని ఊళ్లో కేసులు ఉండవు. కేసులు లేని ఊరికి పిచికారీ ఉండదు, దోమతెర ఉండదు. మరుసటి ఏడు జ్వరాలు పెరుగుతాయి, స్లైడులు మళ్లీ సంచిలో మురుగుతాయి. అంటే చదవని ప్రతి స్లైడూ ఒక మనిషికే కాదు, ఆ ఊరందరికీ చేసిన అన్యాయం. 2030 నాటికి సున్నా కేసులు అంటే మాకూ సంతోషమే. కానీ క్రిమి చస్తే వచ్చే సున్నా వేరు, కళ్లు మూసుకుంటే వచ్చే సున్నా వేరు. ఈ రెండింటికీ తేడా చెప్పగలిగేది మైక్రోస్కోప్ ముందు కూర్చున్న మనిషి ఒక్కడే.

'ఇప్పుడు స్లైడులతో పనేముంది, ఆర్డీటీ కిట్లు వచ్చాయి కదా, పావుగంటలో తేలిపోతుంది' అంటారు కొందరు. కిట్లకు మేం వ్యతిరేకం కాదు. అర్ధరాత్రి కొండ మీద పిల్లాడికి ఫిట్స్ వస్తే ఆశా చేతిలో ఉండాల్సింది కిట్టే. అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ కిట్టు చెప్పేది గీత ఉంది, లేదు అని మాత్రమే. క్రిములు ఎన్ని ఉన్నాయో చెప్పదు. మందు వేశాక తగ్గుతున్నాయో లేదో చెప్పదు. ఫాల్సిపారమ్ నయమయ్యాక కూడా కొన్ని వారాలు గీత కనబడుతూనే ఉంటుంది. నెల తిరక్కుండా మళ్లీ జ్వరం వచ్చిన పిల్లకు కొత్తగా వచ్చిందో, పాత గీతో అది తేల్చలేదు. క్రిములు మరీ తక్కువగా ఉంటే పట్టుకోలేకపోవచ్చు. వేడికి, తేమకు చెడుతుంది కూడా. పైగా కిట్ల సరఫరా ఎవరి చేతిలో ఉంది? జూలైలో అయిపోయిన కిట్లు అక్టోబరులో వస్తే ఆ నడుమ చచ్చినవాళ్లకు ఎవరు జవాబుదారీ? ఊళ్లో కిట్టు, పీహెచ్‌సీలో మైక్రోస్కోప్, రెండూ ఉండాలి. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని ఎత్తేయడం మాకు ఒప్పుకోలు కాదు.

'కరెంటు లేదు, రోడ్డు లేదు, ఏజెన్సీకి స్టాఫ్ రారు' అన్నది ఇంకో సాకు. ఏటా ఆగస్టు 20న దోమల దినం అని మా పిల్లలతో ప్లకార్డులు పట్టించి ర్యాలీలు తీయిస్తారు. ఆ రోజు ఎందుకు వచ్చింది? 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. కరెంటు దీపం లేదు. కోసిన దోమ ఎగిరిపోతుందని పంకా కూడా వేయించుకోలేదు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. అయినా చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. నూటపాతికేళ్ల తర్వాత, అద్దంతో ఎండను పట్టి కూడా పనిచేసే పరికరానికి కరెంటు లేదని చెప్పడానికి సిగ్గుండాలి. ఇంకో సంగతి కూడా మా పిల్లలకు చెబుతున్నాం. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ప్లకార్డు మీద రాస్ పేరు ఉంటుంది, హుసేన్ ఖాన్ పేరు ఉండదు. రక్తం ఇచ్చినవాడి పేరు మరిచిపోవడం అప్పటి నుంచీ ఉన్న అలవాటే.

రోడ్డు సంగతికి వస్తే ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా గనియారిని చూడండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన కొందరు వైద్యులు అక్కడ జన స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ పెట్టారు. అడవి పల్లెల్లో ఆరోగ్య కార్యకర్తలే, పెద్ద చదువులు లేని ఆడవాళ్లే, రక్తపూతలు చేశారు. ఆ స్లైడుల్ని పల్లె నుంచి వచ్చే బస్సులో పంపారు. ల్యాబ్‌లో చూసి ఫలితాన్ని తిరిగి బస్సులోనే పంపారు. హెలికాప్టర్ అక్కర్లేదు, యాప్ అక్కర్లేదు. బస్సు డ్రైవర్‌ మీద, ఊరి మనిషి మీద నమ్మకం ఉంటే చాలింది. మా సంతకు జీపులు రావడం లేదా? అల్లం, పసుపు, కాఫీ గింజలు మా కొండల నుంచి దిగడం లేదా? మా పంట దిగే దారిలో మా స్లైడు దిగలేదా?

సరిహద్దు దాటితే ఒడిశా. మా చుట్టాలు ఉన్న కొండలే అవి. 2017లో అక్కడ 'దమన్' అనే పేరుతో దారి లేని ఊళ్లకే ముందు వెళ్లారు. జ్వరం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పరీక్ష చేసి మందిచ్చారు, దోమతెరలు పంచారు. 2017లో 3 లక్షల 40 వేల పైన ఉన్న కేసులు 2018లో 70 వేలకు లోపు దిగాయి. కొండలు అడ్డు కాదని తేలింది. వెళ్లాలనుకోకపోవడమే అడ్డు.

ఇక మా బడుల మాట. ఆశ్రమ పాఠశాలలో ఒక గదిలో నలభై, యాభై మంది పడుకుంటారు. కిటికీలకు జాలీలు ఉండవు. ఒకరికి చలిజ్వరం వస్తే వారంలో పదిమందికి. మేం పనిచేసిన బడుల్లో చూసిందే చెబుతున్నాం. పిల్ల ఒళ్లు కాలిపోతుంటే ముందు రక్త పరీక్ష జరగాలి. జరిగేది తండ్రికి కబురు. 'ఇంటికి తీసుకుపో' అంటారు. బడిలో ఏమైనా అయితే విచారణ వస్తుంది, ఇంట్లో అయితే రాదు. ఆ తండ్రి పిల్లను భుజాన వేసుకుని, దారి లేని చోట డోలీ కట్టుకుని పోతాడు. అక్కడి నుంచి మండల కేంద్రంలో ప్రైవేటు ల్యాబ్. అక్కడ అందరికీ ఒకటే చీటీ, 'మలేరియా ప్లస్ టైఫాయిడ్'. సెలైన్లు, సూదులు, వేల రూపాయల అప్పు, తాకట్టు పెట్టిన పసుపు. ప్రభుత్వ మైక్రోస్కోప్ మీద దుమ్ము పడితే ఎవరి జేబు నిండుతుందో వేరే చెప్పాలా? ప్రతి ఆశ్రమ పాఠశాలకు ఒక ఏఎన్ఎం కావాలని ఆదివాసీ సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి. ఆ అడగడంలో మేమూ ఉన్నాం.

మా సైన్సు పుస్తకంలో మైక్రోస్కోప్ బొమ్మ ఉంది. దాని భాగాల పేర్లు రాయమని పరీక్షలో అడుగుతారు. మా పిల్లలు రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. దానిలోకి ఒక్కసారి కూడా చూడకుండా పది పాసవుతారు. అదే పిల్లల రక్తం మాత్రం ఏటా దాని కిందికి వెళ్లాలి. చూసే కన్ను ఎప్పుడూ బయటివాడిదే, పొడిచే వేలు ఎప్పుడూ మాదే. ఈ వరస మారాలి.

రక్తపూత చేయడం, చదవడం డాక్టరు చదువు కాదు. ఇంటర్ సైన్సు చదివిన మా పిల్లలు కొన్ని వారాల శిక్షణతో, తర్వాత రోజూ సాధనతో, వాళ్ల పనిని పైవాళ్లు మళ్లీ మళ్లీ సరిచూస్తుంటే నేర్చుకోగలరు. చెట్టు మీది తేనెపట్టును, గడ్డిలోని అడుగుజాడను పోల్చగల కళ్లు మావాళ్లవి. ఉంగరానికీ అరటిపండుకూ తేడా పోల్చలేరా? పైగా ఆ టెక్నీషియన్ కువి మాట్లాడితే, ఆదివాసీ ఒడియా మాట్లాడితే, కోయ మాట్లాడితే, '14 రోజులు మాత్ర ఆపకు, మూత్రం నల్లగా వస్తే మాత్రం ఆపి వెంటనే రా' అన్న మాట రోగి చెవికి చేరుతుంది. ఈ రెండో మాట చిన్నది కాదు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు ప్రైమాక్విన్ రక్తాన్ని పగలగొడుతుంది. ఆ హెచ్చరిక తెలియని భాషలో చెబితే చెప్పనట్టే. ఏజెన్సీ టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. మా భాష తెలిసిన మనిషి బడిలో ఎందుకు ఉండాలో అప్పుడు చెప్పాం. ఆసుపత్రిలోనూ ఎందుకు ఉండాలో ఇప్పుడు చెబుతున్నాం.

మేం అడిగేవి పెద్దవి కావు. స్లైడు తీసిన 24 గంటల్లో ఫలితం రోగికి నోటితో, వాడి భాషలో చెప్పాలి. చూడని స్లైడును నెగిటివ్ అని రాయకుండా 'చూడలేదు' అనే రాయాలి. ప్రతి ఏజెన్సీ పీహెచ్‌సీలో పనిచేసే మైక్రోస్కోప్, కొత్త స్లైడులు, తాజా రంగు, జ్వరాల కాలంలో ఇద్దరు టెక్నీషియన్లు ఉండాలి. ఆ పోస్టులకు మా పిల్లలకే శిక్షణ ఇచ్చి, వాళ్లనే తీసుకోవాలి. ఆశ్రమ పాఠశాలలో జ్వరం వచ్చిన పిల్లను పరీక్ష చేయకుండా ఇంటికి పంపడం నేరంగా చూడాలి. ఎన్ని స్లైడులు తీశారో, ఎన్ని చదివారో, ఎన్ని పాజిటివ్ వచ్చాయో నెలనెలా గ్రామసభలో చదివి వినిపించాలి.

ఇవి జరిగే దాకా మన ఊళ్లలో ఒక పని మనమే మొదలుపెడదాం. అది ఈ వానాకాలమే. స్లైడు తీసిన ప్రతిసారీ నంబరు, తేదీ, తీసినవారి పేరు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. ఊళ్లో చదువుకున్న పిల్ల ఎవరైనా చాలు. జవాబు వచ్చిన తేదీ పక్కన రాయండి. రాకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి. గ్రామసభ రోజు ఆ పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టండి. ఖాళీ గళ్లు లెక్కపెట్టమని అధికారినే అడగండి.